నీళ్ళడుగున పని: దిగబోయే ముందు

కచ్చులూరు బోటు గుర్తుందా? 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయే జనాన్ని ఎక్కించుకుని బయల్దేరిన రాయల్ వశిష్ట, దేవీపట్నం దాటాక గోదావరిలో మునిగిపోయింది. ఎన్డీఆర్‌ఎఫ్ దిగింది, నేవీ దిగింది. బోటు మాత్రం పైకి రాలేదు. రెండు వందల అడుగులకు పైనే లోతని అప్పట్లో చెప్పారు. పైన వరద, లోపల సుడులు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్ళు, లంగర్లు, పొక్లెయిను పెట్టి రోజుల తరబడి లాగి అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది. మన పల్లెల్లో చేద తెగి బావిలో పడితే పాతాళగరిగె వేసి గాలిస్తామే, ఆ పనే అది. గరిగె పెద్దది, బావి గోదావరి, అంతే తేడా.

అయితే లంగరు తగలగానే బోటు వచ్చేయలేదు. ఒకసారి తాడు తెగింది, ఇంకోసారి రెయిలింగు ఊడి వచ్చింది. ఆఖరి రోజుల్లో విశాఖ డైవర్లు ఆ బురద నీళ్ళలోకి దిగి బోటుకు తాళ్ళు బిగించాకే పని ఒక కొలిక్కి వచ్చింది.

డైవింగులో ఉద్యోగం దొరుకుతుందా అని చక్రాయపేట, వేంపల్లి, పులివెందుల వైపు పిల్లోళ్ళు అడిగితే నేను మొదట ఈ కచ్చులూరు సంగతే చెప్తాను. వాళ్ళ ఫోన్లలో ఉండేది వేరు: నీలం నీళ్ళు, రంగు చేపలు, బొటనవేలు చూపుతూ నవ్వే మనిషి. (ఆ బొటనవేలికి డైవింగులో అర్థం ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. రీల్సులో సగం మందికి అది తెలియదు.) జీతమిచ్చే డైవింగులో ఎక్కువ భాగం కచ్చులూరు లాంటిదే. మసక నీళ్ళు, తుప్పు, తాళ్ళు. అక్కడ డబ్బులిచ్చేది నీళ్ళలోకి దిగినందుకు కాదు. దిగాక చేతులతో ఏం చేయగలవో దానికి.

మా మేనల్లుడు ఒకడు అడిగాడు: "మామా, నాకు ఈతొచ్చు గదా, సాలదా?"

ఈత రావడం మంచిదే. వెనకటి తరం బెండు కట్టుకుని మోట బావుల్లో నేర్చుకుంది. బోర్లు వచ్చి బావులు ఎండిపోయాక మన మండలంలో ఈత వచ్చిన కుర్రోళ్ళే తగ్గిపోయారు. గండి దగ్గర పాపాఘ్నిలో కూడా ఏడాది పొడుగునా ఈదేంత నీళ్ళుండవు. కానీ ఈతకూ డైవింగుకూ పొత్తు తక్కువ. ఈతగాడు ఊపిరి బిగబట్టి మునుగుతాడు. డైవరు ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ సిలిండర్ నుంచి పీల్చిన నిండు ఊపిరిని బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెట్టింపుగా ఉబ్బుతుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది. బావిలో మునిగిన అలవాటున్న వాడికి ఈ ఒక్క అలవాటు మాన్పించడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

డైవింగులో రెండు దారులున్నాయి. రెండూ వేరు వేరు ఉద్యోగాలు. ఈ తేడా తెలియకపోతే లక్షలు పోతాయి.

మొదటిది సరదా డైవింగు, అంటే స్కూబా. రుషికొండ, పుదుచ్చేరి, గోవా, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి, అండమాన్‌లో హావ్‌లాక్, ఇలాంటి చోట్ల పర్యాటకుల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళడం. ప్యాడీ లాంటి సంస్థల మెట్ల ప్రకారం ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్‌తో 30 మీటర్ల దాకా పోవచ్చు. ఉద్యోగంలో మొదటి మెట్టు డైవ్‌మాస్టర్. దానికి 18 ఏళ్ళు నిండాలి. కోర్సు మొదలెట్టడానికి 40 డైవులు, ముగించడానికి 60 డైవులు లాగ్‌బుక్కులో ఉండాలి. ఆగకుండా 400 మీటర్ల ఈత, 15 నిమిషాలు నీళ్ళలో తేలడం లాంటి పరీక్షలుంటాయి. ఈ దారిలో హిందీ, కాస్త ఇంగ్లీషు, అన్నింటికన్నా ఓర్పు కావాలి. భయపడే మనిషి చెయ్యి పట్టుకుని నవ్వుతూ దింపాలి. పడమటి తీరంలో వానాకాలం నాలుగు నెలలు పని ఉండదని ముందే లెక్కలో వేసుకోండి.

మునిగిన ఓడల మీదికి పర్యాటకుల్ని తీసుకెళ్ళే పని కూడా ఈ దారిలోదే. భీమిలి అవతల చింతపల్లి దగ్గర సముద్రంలో రాతి గుట్టలున్నాయి. వాటికి ఓడలు తగలకుండా 1847లోనే అక్కడ దీపస్తంభం పెట్టారు. ఆ వైపు మునిగి ఉన్న ఓడ మీదికి విశాఖ డైవర్లు జనాన్ని తీసుకెళ్తుంటారు. "ఘాజీ మీదికి పోవచ్చా?" అని కూడా అడుగుతారు, 2017లో వచ్చిన సినిమా పుణ్యమా అని. పోకూడదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి విశాఖ ముందర మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామిలో తొంభై మందికి పైగా నావికులు పోయారు. అది వాళ్ళ సమాధి. మన నేవీ కూడా దాన్ని అలాగే చూస్తోంది.

ఓడ మీద డైవింగులో కొత్తవాళ్ళను చంపేవి సొరచేపలు కావు. వలలు, ఒండ్రు. తెగిపోయిన చేపల వలలు ఓడకు చుట్టుకుని ఉంటాయి. సన్నటి నైలాన్ తీగ నీళ్ళలో కనపడదు. సిలిండర్ వాల్వుకు పట్టుకుంటే వీపు వైపు చెయ్యి అందదు. అందుకే చిన్న కత్తో కత్తెరో కాలికి కాకుండా ఛాతీ దగ్గర, రెండు చేతులకూ అందేలా పెట్టుకుంటారు. ఇక ఒండ్రు. ఓడ గది నేల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మెత్తటి మట్టి అది. కాలి ఫిన్ ఒక్కసారి కిందికి కొడితే గదంతా లేస్తుంది. టార్చి వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోకే కొడుతుంది. వచ్చిన తలుపు ఎటుందో తెలియదు. అలాంటప్పుడు బయటికి చేర్చేది లోపలికి పోతూ వదులుకుంటూ వచ్చిన దారం ఒక్కటే. దానికి రీలు ఉంటుంది. ఓడ బయటే ఒక ముడి, లోపల ఇంకో ముడి వేసి, వేళ్ళ మధ్య దారాన్ని వదలకుండా పోవాలి. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు ఏదైనా జరిగితే అని ఉంచుకోవాలి. బయటి వెలుగు కనపడే మేర దాటకూడదు. ప్రత్యేక శిక్షణ లేకుండా లోపలికి అసలు పోకూడదు. పర్యాటకుడు ఎంత డబ్బిస్తానన్నా సరే. ‘వద్దు’ అనలేని డైవ్‌మాస్టర్ ఈ పనికి పనికిరాడు.

రెండో దారి కమర్షియల్ డైవింగు. రేవులు, ఆనకట్టలు, చమురు బావులు, ఓడల మరమ్మతులు ఇందులోకొస్తాయి. ఇక్కడ స్కూబా కార్డుకు విలువ దాదాపు లేదు. ఆఫ్‌షోర్ పనుల నియమాలు చూసే ఐఎంసీఏ, సముద్రంలో కంపెనీ పనికి స్కూబాను వాడొద్దనే అంటుంది. ఇక్కడ డైవరు నెత్తిన హెల్మెట్ ఉంటుంది. పైనుంచి గాలి గొట్టం, మాట్లాడే వైరు, లోతు కొలిచే సన్న గొట్టం, బరువు మోసే తాడు, అన్నీ కలిపి ఒకే మోకులా కిందికి పోతాయి. దాన్ని అంబిలికల్ అంటారు. వీపు మీద చిన్న సిలిండరు ఉంటుంది గానీ అది పైగాలి ఆగిపోతేనే. ఐఎంసీఏ లెక్కన మామూలు గాలితో చేసే పనికి కనీసం ఐదుగురుండాలి: సూపర్‌వైజరు, డైవరు, సిద్ధంగా కూర్చున్న ఇంకో డైవరు, ఇద్దరికీ తాళ్ళు పట్టే చెరొక టెండరు. ఏ కాంట్రాక్టరైనా "ముగ్గురు సాలులేరా" అంటే ఆ పని ఒప్పుకోవద్దు.

కొత్తగా చేరే కుర్రాడి పని ఆ తాడు పట్టడమే. చిన్నదనుకోవద్దు. తాడు మరీ బిగిస్తే డైవరును వెనక్కి లాగినట్టవుతుంది, వదులిస్తే ఇనుప కమ్ముల్లో చుట్టుకుంటుంది. చేతిలో ఎప్పుడూ కింది మనిషి కదలిక తెలిసేంత బిగువుండాలి. మాట్లాడే వైరు పోతే తాడే నోరు. అమెరికా నేవీ పద్ధతిలో కింది నుంచి ఒక్క లాగుడు వస్తే ‘బాగున్నా’, నాలుగొస్తే ‘పైకి లాగు’, మూడు మూడు మూడుగా వస్తే ‘చిక్కుకున్నా గానీ నేనే విడిపించుకోగలను’, రెండు రెండు రెండుగా వస్తే ‘చిక్కుకున్నా, ఇంకో డైవర్ని పంపు’. ఈ లెక్కలు దేశానికీ జట్టుకూ మారతాయి. అందుకే దిగే ముందు ప్రతిసారీ ఒకరికొకరు చెప్పుకోవాలి. తాడు పట్టిన మనిషి ఫోన్ చూడకూడదు, బీడీ ముట్టించకూడదు, పక్కవాడితో కబుర్లాడకూడదు. ఏడాది పాటు ఈ పని బుద్ధిగా చేసినవాణ్ణే సూపర్‌వైజరు నమ్మి కిందికి దింపుతాడు.

సముద్రం మనకు దూరమేమో గానీ ఇలాంటి పనులు మన వైపూ ఉన్నాయి. గండికోట జలాశయం 26.85 టీఎంసీలు. మైలవరం ఉంది, పాపాఘ్ని మీద వెలిగల్లు ఉంది. గేట్లు, చెత్త అడ్డుకునే కమ్ములు, కాంక్రీటు పగుళ్ళు, వీటన్నిటినీ ఎవరో ఒకరు నీళ్ళలోకి దిగి చూడాల్సిందే. 2024 సెప్టెంబరులో కృష్ణా వరదకు బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలి అక్కడే మునిగి ఇరుక్కుపోయాయి. అప్పుడూ విశాఖ డైవర్లే దిగి నీళ్ళలో ఇనుము కోశారు.

ఆనకట్ట దగ్గర డైవర్లకు అసలు శత్రువు లోతు కాదు, లాగుడు. గేటుకు ఇవతల నీళ్ళు నిండుగా ఉండి అవతల ఖాళీగా ఉంటే, నడుమ ఉన్న చిన్న సందు కూడా మనిషిని లాగి అతికించేస్తుంది. లెక్క వేసి చూడండి. పది మీటర్ల నీళ్ళ కింద చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు పడుతుంది. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న సందు ఇంచుమించు 900 చదరపు సెంటీమీటర్లు. అంటే 900 కిలోల లాగుడు. పైనున్న నలుగురూ కలిసి లాగినా మనిషి ఊడి రాడు. ఒక చెయ్యి అతుక్కుంటే మిగతా ఒళ్ళు ఆ వెనకే పోతుంది. పైగా దగ్గరికి పోయేదాకా ఆ లాగుడు తెలియదు. అందుకే దిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గేట్లకూ పంపులకూ తాళం వేశారా, తాళంచెవి ఎవరి జేబులో ఉంది? "ఇంజనీరు సారుకు ఫోన్ చేసి చెప్పినాం" అనేది జవాబు కాదు. తాళంచెవి మీ సూపర్‌వైజరు చేతిలో ఉండాలి. లేకపోతే సూటు విప్పేసి కూర్చోండి.

ఇక చలి. మన ఎండలకు అలవాటైన ఒంటికి ఇది కొత్త సంగతి. నీళ్ళు గాలికన్నా ఇరవై, పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. 25 డిగ్రీల నీళ్ళు చెయ్యి పెడితే హాయిగా ఉంటాయి, రెండు గంటలు పని చేస్తే పళ్ళు కొట్టుకుంటాయి. విశాఖ సముద్రంలో కూడా వేసవి మొదట్లో అడుగు నుంచి చల్లనీళ్ళు పైకి తేలతాయి. 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీని మీద పరిశోధన చేశాడు. ఎండాకాలమే కదా అని సూటు లేకుండా దిగినవాళ్ళు వణుకుతూ పైకొస్తారు. జలాశయాల అడుగు నీళ్ళు ఇంకా చల్లన.

చలి మొదట వేళ్ళను పట్టుకుంటుంది. నట్టు పట్టు తప్పుతుంది, క్లిప్పు తెరుచుకోదు. తర్వాత బుర్రను పట్టుకుంటుంది. ఇందాక గుర్తున్న సంజ్ఞ గుర్తుకు రాదు. మిగిలిన గాలి చూసి కూడా లెక్క వేయడం మర్చిపోతారు. వణుకు మొదలైందంటే పని ముగించి పైకి రావాల్సిన వేళ దాటిపోయిందని అర్థం. పైగా చివర్లో చలిపడ్డ ఒంట్లోంచి నైట్రోజన్ సరిగా బయటికి పోదు, అది ఒంట్లో బుడగలు కట్టే జబ్బు, బెండ్స్, ప్రమాదం పెరుగుతుంది.

నిజమైన చలినీళ్ళ ఓడలు చూడాలంటే స్కాట్లాండ్ ఉత్తరాన స్కాపా ఫ్లోకు పోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ నిలిపి ఉంచిన జర్మన్ నౌకల్ని, బ్రిటిష్‌వాళ్ళ చేతికి చిక్కకూడదని 1919 జూన్ 21న జర్మన్ నావికులే ముంచేశారు. 74 ఓడల్లో 52 మునిగాయి. 1924లో ఎర్నెస్ట్ కాక్స్ అనే పాత ఇనుము వ్యాపారి వాటిని తేల్చే పనికి పూనుకున్నాడు. అంతకు ముందు ఒక్క ఓడనూ లేపిన అనుభవం లేదు. డైవర్లతో ఓడల కంతలన్నీ మూయించి, లోపలికి గాలి కొట్టి, తలకిందులుగా ఉన్న యుద్ధనౌకల్ని తేల్పించాడు. మిగిలిపోయిన ఏడు పెద్ద ఓడల మీదికి ఇప్పుడు సరదా డైవర్లు పోతారు. చలికాలంలో అక్కడి నీళ్ళు ఆరేడు డిగ్రీలు. బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసే మనోళ్ళకు పోవాలని ఉంటే ఒకటే మాట: గోవాలో తెచ్చుకున్న కార్డుతో నేరుగా అక్కడ దిగొద్దు. లోపలికి నీళ్ళు రాని డ్రైసూటు వేరే నేర్చుకోవాలి. అందులో గాలి కాళ్ళ వైపు చేరితే తలకిందులుగా పైకి లేచిపోతారు. అంత చలిలో సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటరు గడ్డకట్టి గాలి ఆగకుండా కారిపోవడం కూడా ఉంటుంది.

అలాంటి చలిలో గంటల తరబడి పని చేసే డైవర్లకు అంబిలికల్లోనే ఇంకో గొట్టం వేసి వేణ్ణీళ్ళు పంపుతారు. సూటు నిండా అవి పారుతూ ఉంటాయి. 2012 సెప్టెంబరులో ఉత్తర సముద్రంలో క్రిస్ లెమన్స్ అనే డైవరుకు మొత్తం అంబిలికల్ తెగిపోయింది. లోతు మూడు వందల అడుగులు. వేణ్ణీళ్ళూ గాలీ ఒక్కసారే ఆగాయి. వీపు మీది సిలిండరులో గాలి కొద్ది నిమిషాలకే సరిపోతుంది. ఇంచుమించు అరగంట తర్వాత తోటి డైవరు చేరుకుని తీసుకొచ్చాక ఇంకొకరు ఊపిరి ఊదితే బతికాడు. అందరూ అద్భుతం అన్నారు గానీ, నాకు దాంట్లో కనపడింది తోటి మనిషి తిరిగి వెళ్ళగలిగేలా జట్టును ముందే తయారుచేసి పెట్టుకోవడం.

ఇప్పుడు అసలు సలహా. పదో తరగతో ఇంటరో అయిపోయి ఈ పని మీద ఆశ ఉంటే, డైవింగు స్కూలు కన్నా ముందు ఐటీఐలో చేరండి. వెల్డర్ ట్రేడు ఏడాది, ఫిట్టర్ రెండేళ్ళు. నేల మీద కుట్టు సరిగా వేయలేనివాడు నీళ్ళలో వేయలేడు. నీళ్ళలో వెల్డింగు, కటింగు డీసీ కరెంటుతోనే చేస్తారు. ఏసీ ప్రాణాంతకం. డైవరు ‘ఆన్’ అంటేనే పైవాడు స్విచ్చి వేయాలి, ‘ఆఫ్’ అన్న మరుక్షణం తీయాలి. కోసేటప్పుడు పుట్టే వాయువులు మూసిన మూలల్లో చేరి పేలతాయి. గాలి పోయే కంత ముందే పెట్టుకోవాలి. ఇవన్నీ ట్రేడు తెలిసినవాడికి తొందరగా ఎక్కుతాయి. కువైట్‌లో ఇప్పటికే వెల్డరుగా చేస్తున్న అన్నలకు ఈ దారి ఇంకా దగ్గర.

అంతకన్నా ముందు డాక్టరు దగ్గరికి పోండి. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు దగ్గరికి. కర్ణభేరికి కంత ఉన్నా, ఉబ్బసం ఉన్నా, మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నా ఈ పని మీది కాదు. ఫీజు కట్టాక తెలుసుకోవడం కన్నా ఇప్పుడే తెలుసుకోవడం చవక.

సర్కారు దారులు కూడా చూడండి. నేవీలో చేరినవాళ్ళలో ముందుకొచ్చినవాళ్ళను ఎంచి కొచ్చిలోని డైవింగ్ స్కూల్లో తయారుచేస్తారు. ఫీజు ఉండదు, జీతం ఉంటుంది. 2025 జులైలో విశాఖలో నేవీలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్, డైవింగు పనులకోసమే మన హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఓడ. అలాంటి ఓడలు వచ్చాయంటే మనుషులూ కావాలి. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో ప్రాణరక్షణ, పడవ నడపడం లాంటి కోర్సులుంటాయి. తాడు పట్టే పనికి పోవడానికి అవి మంచి మొదలు.

ప్రైవేటు కమర్షియల్ స్కూలైతే, గోడ మీది ఫొటోలు కాదు, ఇచ్చే సర్టిఫికెట్ పేరు అడగండి. ఐఎంసీఏ ఒప్పుకునే సర్టిఫికెట్ల జాబితా అందరికీ దొరుకుతుంది. ఆ పేరు దాంట్లో లేకపోతే ఆఫ్‌షోర్ తలుపు తెరుచుకోదు. విదేశాలకు పంపుతామనే ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ‘డైవర్’ అని చెప్పి విజిట్ వీసా మీద పంపితే అక్కడ మీరు డైవరూ కారు, కూలీ కూడా కారు. ఒప్పందంలో పని పేరు, బీమా, ప్రమాదం జరిగితే బెండ్స్‌కు వైద్యం చేసే రీకంప్రెషన్ చాంబర్‌కు ఎంతసేపట్లో చేరుస్తారన్నది రాతలో ఉండాలి.

విశాఖలో పని మొదలుపెట్టేవాళ్ళకు ఇంకో మాట. పొద్దున లోతుకు దిగి సాయంత్రం స్నేహితులతో అరకు పోదామనుకోవద్దు. అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కు ఘాట్ రోడ్డయినా విమానమయినా ఒకటే. వరుసగా డైవులు చేస్తే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కమంటారు, కొండకూ అలాగే లెక్క పెట్టుకోండి. చేసిన ప్రతి డైవు లోతు, సమయం, చేసిన పని రాసి సూపర్‌వైజరుతో ఆరోజే సంతకం పెట్టించుకోండి. నెలాఖరుకు చేద్దామనుకుంటే ఆయన ఇంకో ఊళ్ళో, ఇంకో పనిలో ఉంటాడు.